పాత ట్రాక్టరా, కొత్తదా, బాడుగే మేలా: నెల్లూరు, ప్రకాశం రైతులకు ఒక లెక్క

చేతిలో మూడు నాలుగు లక్షలు పెట్టుకుని ట్రాక్టరు కోసం తిరిగే రైతు కంట్లో ముందు పడేది రంగు. తర్వాత మోడల్ సంవత్సరం, ఆ తర్వాత టైర్లు. రంగు కొట్టించవచ్చు, టైర్లు మార్చవచ్చు, మోడల్ సంవత్సరం చూసి మోసపోనూవచ్చు. బండి ఇన్నాళ్లూ ఏ పనిలో అరిగిందన్నది మాత్రం ఎంత పెయింట్ కొట్టినా దాగదు. కోవూరు డెల్టాలో ఆరేళ్లు దమ్ము (వరి మడిని నీళ్లు పెట్టి బురదగా దున్నడం) చేసిన బండి కంటే కనిగిరి మెట్టలో పన్నెండేళ్లు గొర్రు లాగిన బండికి ఎక్కువ ఆయుష్షు మిగిలి ఉండవచ్చు. అందుకే పాతదా కొత్తదా అనే ప్రశ్న కంటే ముందు మీ పొలానికి ఏడాదికి ఎన్ని గంటల పని ఉందో, కొనబోయే బండి ఎక్కడి నుంచి వచ్చిందో తేల్చుకోవాలి.

## ముందు తేల్చుకోవాల్సినవి

గంటలు. వరికి ఎకరాకు ఒక పంటలో గొర్రు రెండు సాళ్లు, దమ్ము రెండు విడతలు, చదును, అన్నీ కలిపి 5 నుంచి 6 గంటలు పడుతుంది. శనగకు రెండు దుక్కులు, రోటావేటరు (తిరిగే బ్లేళ్లతో మట్టిని పొడి చేసే పనిముట్టు), విత్తనం గొర్రు కలిపి 3 నుంచి 4 గంటలు. పొగాకుకు దుక్కులు ఎక్కువ. మీ ఎకరాలను వీటితో గుణించి కాగితం మీద రాసుకోండి. ఈ ఒక్క అంకె తెలియకుండా బేరానికి వెళ్లేవాళ్లే ఎక్కువ.

నేల. పెన్నా డెల్టా బురద కయ్యలు, ఒంగోలు చుట్టుపక్కల నల్లరేగడి, మార్కాపురం వైపు రాళ్లున్న ఎర్రనేల, గూడూరు, పొదలకూరు నిమ్మతోటలు నాలుగూ నాలుగు రకాల బండ్లను అడుగుతాయి. బురదలో బరువైన బండి దిగబడుతుంది. రేగడిలో తేలికైన బండి చక్రం తిరుగుతుందే గానీ ముందుకు కదలదు.

పనిముట్లు. మీ దగ్గర ఇప్పటికే ఆరడుగుల రోటావేటరు ఉంటే దానికి 45 హెచ్‌పీ బండి కావాలి. 9 కర్రుల గొర్రు మాత్రమే ఉంటే 36 నుంచి 40 హెచ్‌పీ సరిపోతుంది.

మెకానిక్కు, స్పేర్లు. పొద్దున పోతే మధ్యాహ్నానికి సామాను తెచ్చుకోగలిగిన దూరంలో షాపు ఉండాలి. దమ్ము రోజుల్లో మూడు రోజులు బండి నిలబడితే మీ నారు ముదిరిపోతుంది, బాడుగ పని ఇంకొకరికి పోతుంది.

డబ్బు ఎక్కడి నుంచి. సొంత డబ్బుతో కొంటే వయసుకు అడ్డు లేదు. అప్పు తెస్తే బండి ఎంత పాతదైతే అంత తక్కువ ఇస్తారు, అంత ఎక్కువ వడ్డీ వేస్తారు. కొత్త బండికి దొరికే వడ్డీ పాత బండికి దొరకదు.

## నాలుగు దారులు, ఒకే లెక్క

కింది అంకెలు లెక్క ఎలా వేయాలో చూపడానికి అనుకున్నవి. మీ ఊరి బాడుగ, మీ బేరం ధర, మీ వడ్డీ పెట్టి మళ్లీ వేసుకోండి. బాడుగ గంటకు 1,200 అనుకుందాం. 45 హెచ్‌పీ బండి దమ్ములో, రోటావేటరులో గంటకు 4 నుంచి 6 లీటర్లు తాగుతుంది కాబట్టి డీజిలు 500 అనుకుందాం. సొంత బండి ఉంటే గంటకు మిగిలేది 700.

| ఏటా పడే ఖర్చు | కొత్తది, 8 లక్షలు | ఆరేడేళ్లది, 3.5 లక్షలు | పదిహేనేళ్లు దాటినది, 1.8 లక్షలు |
|---|---|---|---|
| వడ్డీ | 80,000 (10 శాతం) | 42,000 (12 శాతం) | 21,600 (12 శాతం) |
| విలువ తరుగు | 70,000 | 25,000 | 10,000 |
| ఆయిళ్లు, ఫిల్టర్లు, ఇన్సూరెన్సు | 25,000 | 15,000 | 15,000 |
| రిపేర్లు, టైర్ల నిధి | 10,000 | 30,000 | 50,000 |
| మొత్తం | 1,85,000 | 1,12,000 | 96,600 |
| గిట్టుబాటు కావాలంటే ఏడాదికి | 264 గంటలు | 160 గంటలు | 138 గంటలు |

ఈ పట్టికలో ఆగి చూడాల్సింది చివరి రెండు గడులను. ధర సగానికి పడిపోయినా గిట్టుబాటు గంటలు 160 నుంచి 138కి మాత్రమే తగ్గాయి. తగ్గిన ధరను రిపేర్లు తినేశాయి. పైగా పదిహేనేళ్లు దాటిన బండి పని రోజుల్లో ఎన్నిసార్లు నిలబడుతుందో ఈ లెక్కలో లేదు. కాబట్టి చవకగా వస్తోందన్న ఒక్క కారణంతో ముసలి బండి వైపు వెళ్లకండి. అది ఎవరికి పనికొస్తుందో కింద చెప్తాం.

డ్రైవరును పెట్టుకుంటే ప్రతి కాలమ్‌లోనూ గిట్టుబాటు గంటలు ఇంకా పెరుగుతాయి. మీరే తోలుకుంటారా, మీ ఇంట్లో కుర్రవాడు తోలుతాడా అన్నది చిన్న విషయం కాదు.

ఇక నాలుగో దారి బాడుగ. ఎనిమిది ఎకరాల వరి, రెండు పంటలు పండే రైతుకు ఏడాదికి 96 గంటలు. బాడుగకు పోయేది సుమారు 1,15,000. సొంత బండికి డీజిలు 48,000 పోను మిగిలేది 67,000. ఆరేడేళ్ల బండి ఖర్చు 1,12,000. అంటే సొంత బండి పెట్టుకుంటే ఏటా 45,000 చేతినుంచి పడుతుంది. పది ఎకరాల లోపు ఉండి, పక్కవాళ్లకు తోలే ఉద్దేశం లేకపోతే బాడుగే మంచిది. అయితే బాడుగకూ ఒక చిక్కుంది: సోమశిల నీళ్లు వదలగానే అందరికీ ఒకే వారంలో దమ్ము కావాలి, వరుసలో మీ వంతు ఎప్పుడొస్తుందో తెలియదు. ఆ ఆలస్యానికి ఏటా ఎంత నష్టపోతున్నారో మీకే తెలుసు. ఆ నష్టం 45 వేలకు దగ్గరగా ఉంటే బండి కొనడం తప్పేమీ కాదు. లేదంటే ఇద్దరు అన్నదమ్ములో, గట్టు పక్క రైతులో కలిసి కొనుక్కుని ఎవరి గంటలు ఎన్నో పుస్తకంలో రాసుకోవచ్చు.

కొత్తదాని గురించి ఒక మాట. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. ట్రాక్టరు వెనక టైర్లు, విడిభాగాల మీద 18 నుంచి 5 శాతానికి వచ్చింది. పన్ను కలపని ధర 7 లక్షలు ఉన్న బండి మీద 49,000 తగ్గినట్టు. కానీ పాత బండి అమ్మేవాళ్లలో కొందరు పన్ను తగ్గకముందు ధరనే మనసులో పెట్టుకుని చెప్పవచ్చు. బేరానికి వెళ్లే ముందు అదే మోడల్ కొత్తదాని నేటి ధర డీలరు దగ్గర రాయించుకుని వెళ్లండి. తేడా లక్షన్నర లోపే అయితే కొత్తదే తీసుకోండి.

## ఎవరికి ఏది

మూడు నాలుగు వందల గంటల పని ఖాయంగా ఉండి, వాయిదాలు పంట చేతికొచ్చే నెలల్లో, అంటే ఆరు నెలలకోసారి కట్టేలా మాట్లాడుకోగలిగితే కొత్తది. నల్లరేగడిలో పాతిక ముప్పై ఎకరాలు కౌలుతో కలిపి చేసేవాళ్లు, ఊళ్లో బాడుగ పనే జీవనంగా పెట్టుకున్నవాళ్లు ఈ కోవలోకి వస్తారు.

పదిహేను, ఇరవై ఎకరాల రైతుకు అయిదు నుంచి ఎనిమిదేళ్ల బండి సరైనది. మొదటి యజమాని దగ్గరే విలువ బాగా తరిగిపోయి ఉంటుంది, ఇంజను ఇంకా బోరుకు (సిలిండర్లు, రింగులు అరిగి విప్పి చేయించే పెద్ద రిపేరుకు) రాకుండా ఉంటుంది. మంచి చేతిలో ఇంజను 6 నుంచి 8 వేల గంటలు నడిచాకే బోరుకొస్తుంది. ఏడాదికి 600 గంటలు తిరిగిన ఏడేళ్ల బండి 4,200 గంటల దగ్గర ఉన్నట్టు.

పదిహేనేళ్లు దాటిన బండి ముగ్గురికి పనికొస్తుంది. మొదటివారు, ఇంట్లోనే మెకానిక్కు పని తెలిసినవారు. రెండోవారు, ఒక మంచి బండి ఉండి, ట్రక్కు (ట్రాక్టరు వెనక తగిలించే ట్రెయిలరు) తోలడానికో, నీటి ట్యాంకరుకో, మందు కొట్టడానికో రెండో బండి కావాల్సినవారు. మూడోవారు, నిమ్మ, బత్తాయి తోటల్లో ఏడాదికి వంద గంటలు మించని తేలికపాటి దున్నకం మాత్రమే ఉన్నవారు. డెల్టాలో దమ్ముకు ఒకే ఒక్క బండిగా దీన్ని కొనకండి.

## బండి ఎక్కడ అరిగింది

దమ్ము బండి. దమ్ము చక్రాలు వేసి లోతు బురదలో తిరిగిన బండికి మొదట పోయేవి సీళ్లు. ముందు హబ్బుల్లోకి బురద నీరు దిగి బేరింగులు తినేస్తుంది. వెనక ఇరుసు సీలు పోతే హౌసింగ్ నూనె రిమ్ము లోపలి వైపు కారి మట్టి పట్టి నల్లగా గడ్డకట్టి ఉంటుంది. పొడి బ్రేకులున్న పాత బండ్లలో బ్రేకు ప్లేట్లు బురద పట్టి తుప్పుతో పట్టేస్తాయి. నూనెలో మునిగి ఉండే బ్రేకుల బండికి ఈ బాధ తక్కువ. అన్నిటికంటే ప్రమాదం గేరుబాక్సులోకి నీరు చేరడం. నీరు కలిసిన గేరు ఆయిలు పాలు కలిపిన టీ రంగులోకి మారుతుంది. దీన్ని పట్టుకోవడానికి బండి రాత్రంతా కదలకుండా నిలబడి ఉండాలి. పొద్దున్నే స్టార్ట్ చేయకముందే కింది డ్రైను ప్లగ్గును కొంచెం వదులు చేస్తే, నీరు నూనె కంటే బరువు కాబట్టి ముందు నీరే కారుతుంది. యజమాని ముందే ఒప్పుకుంటే చేయించండి. ఒప్పుకోకపోతే ఎందుకు వద్దంటున్నాడో ఆలోచించండి.

ఇసుక, ట్రక్కు బండి. రోడ్డు మీద లోడు లాగిన బండికి వెనక టైర్ల గుబ్బలు నడిమధ్యలో నున్నగా అరిగి, అంచుల్లో ఎత్తుగా ఉంటాయి. ట్రక్కు తగిలించే పట్టీలో పిన్ను బెజ్జం గుండ్రంగా ఉండాల్సింది కోడిగుడ్డు ఆకారంలోకి సాగి ఉంటుంది. క్లచ్ పెడల్ రబ్బరు అరిగి ఇనుము తేలి ఉంటుంది. వీటికి ఇంజను బాగానే ఉన్నా క్లచ్, బ్రేకులు, పై గేర్లు అయిపోయి ఉంటాయి. దుక్కి బండిలో దీనికి భిన్నంగా, పనిముట్టును పట్టుకునే కింది లింకుల బాల్ జాయింట్లు, లింకు పిన్నులు అరుగుతాయి. అమ్మేవాడు దుక్కికే వాడామని చెప్పినా లింకు బాళ్లు కొత్తవాటిలా ఉండి పిన్ను బెజ్జం సాగి ఉంటే అది ట్రక్కు బండే.

రొయ్యల చెరువుల బండి. తీరం వెంట ఉప్పునీటి చెరువుల దగ్గర గట్లు, మేత, ఏరేటర్ల పనిలో ఉన్న బండికి ఉప్పు గాలే శత్రువు. రిమ్ముల బోల్టులు, మడ్‌గార్డుల అడుగు, బ్యాటరీ కూర్చునే పళ్లెం, రేడియేటరు కింద ట్రే, కరెంటు వైర్ల చివర్లు చూడండి. పైన కొత్త రంగు వేసినా వీటి అడుగున పొరలు పొరలుగా రేగిన తుప్పు దొరుకుతుంది. గంటలు తక్కువే ఉంటాయి, కానీ ప్రతి బోల్టూ కట్టర్‌తో కోయాల్సి వస్తే రిపేరు కూలి రెట్టింపవుతుంది.

మెట్ట దుక్కి బండి. రాళ్లనేలలో ముందు ఇరుసు, కింగ్ పిన్ను బుష్షులు దెబ్బతింటాయి. దుమ్ములో తిరిగింది కాబట్టి ఎయిర్ ఫిల్టరు చూడాలి. నూనె గిన్నె ఉండే పాతకాలపు ఫిల్టరులో ఆయిలు మార్చకుండా తోలితే దుమ్ము సిలిండర్లలోకి వెళ్లి లైనర్లను గీరేస్తుంది. ఫిల్టరు నుంచి ఇంజనుకు వెళ్లే రబ్బరు గొట్టం లోపల వేలు పెట్టి తుడవండి. సన్నటి దుమ్ము అంటితే ఇంజను కొంత మట్టి మింగినట్టే.

## చూసే రోజు, వరుసగా

పొద్దున ఆరు గంటలకు వెళ్లండి. బండి స్టార్ట్ చేయొద్దని ముందు రోజే చెప్పండి. వెళ్లగానే ఇంజను మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే చల్లటి ఇంజను కష్టాన్ని దాచడానికే ముందు నడిపారని అర్థం. ఇంకో రోజు వస్తామని చెప్పి వచ్చేయండి.

స్టార్ట్ చేయకముందు మూడు చూడాలి. ఇంజను ఆయిలు పుల్ల తీయండి. ఆయిలు తెల్లగా నురగలా ఉంటే హెడ్ గాస్కెట్టో, లైనర్ కింది సీళ్లో పోయి నీరు కలుస్తోంది. మట్టం గీత దాటి పైన ఉండి డీజిలు వాసన వస్తే పంపు సీలు నుంచి డీజిలు దిగుతోంది. రేడియేటరు మూత విప్పి నీటి మీద నూనె తెట్టె ఉందా చూడండి. చివరిగా ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు ఆర్సీ (రిజిస్ట్రేషను పత్రం)తో పోల్చండి. రాసి ఉన్నచోట గరుకుగా రుద్దిన గుర్తులుంటే అక్కడితో ఆపేయండి.

సెల్ఫ్ కొట్టగానే మూడు నాలుగు తిప్పుళ్లలో అందుకోవాలి. మొదట కాసేపు తెల్లపొగ మామూలే. పది నిమిషాల తర్వాత కూడా నీలం పొగ వస్తుంటే ఆయిలు తాగుతోంది, బోరుకు దగ్గరపడింది. లోడు మీద నల్లపొగ మాత్రమే అయితే అంత భయం లేదు: నాజిళ్లు, పంపు, ఎయిర్ ఫిల్టరుతో పోయేదే చాలాసార్లు. ఇంజను వేడెక్కాక ఆయిలు పోసే మూత విప్పి తిరగేసి ఆ రంధ్రం మీద పెట్టండి. మూత గిలగిల కొట్టుకుని ఎగిరిపోతే పిస్టన్ రింగుల పక్కనుంచి గాలి కిందికి దిగుతోంది. మెకానిక్కులు మొదట చూసేది ఇదే.

క్లచ్‌కు చిన్న పరీక్ష ఉంది. చదును జాగాలో, చుట్టూ మనుషులు లేనప్పుడు, రెండు బ్రేకులూ గట్టిగా తొక్కి, పై గేరు వేసి, ఇంజనును మధ్యస్థంగా లేపి క్లచ్ మెల్లగా వదలండి. ఇంజను వెంటనే ఆగిపోవాలి. ఆగకుండా తిరుగుతూనే ఉంటే ప్లేట్లు జారుతున్నాయి. ప్లేట్లు మార్చాలంటే బండిని నడుము దగ్గర రెండుగా విడదీయాలి కాబట్టి సామాను ఖర్చుకు కూలి కూడా బాగానే తోడవుతుంది. రెండు క్లచ్‌ల బండి అయితే పీటీవో (రోటావేటరు లాంటి పనిముట్లను తిప్పే వెనక షాఫ్టు) క్లచ్ వేరుగా వదులుతోందో లేదో చూడండి. లేదంటే రోటావేటరు వేసినప్పుడు బండి ఆపితే బ్లేళ్లు కూడా ఆగిపోయి చుట్టూ మట్టి పట్టేస్తుంది.

లిఫ్టు, అంటే వెనక పనిముట్టును పైకెత్తే ఏర్పాటు, పరీక్షకు తొందరపడకండి. చల్లగా ఉన్నప్పుడు ప్రతి లిఫ్టూ లేస్తుంది. అరగంట గొర్రు తోలించి నూనె వేడెక్కాక, నాలుగైదు వందల కిలోల రోటావేటరు తగిలించి పైకి లేపండి. వేడి మీద లేవనంటే పంపు అరిగింది. పైన పెట్టి ఇంజను నడుస్తుండగా లిఫ్టు చేతులు కొద్దికొద్దిగా కిందికి జారి మళ్లీ పైకి తన్నుతుంటే సిలిండరు రింగులో, వాల్వులో లీకు. ఇంజను ఆపేసి అయిదు నిమిషాలు చూడండి. సగం వరకు దిగిపోతే అదే జబ్బు. దమ్ములో గట్టు దగ్గర తిరిగేటప్పుడు పనిముట్టు పైన నిలవకపోతే ప్రతి మలుపులో గట్టు తెగుతుంది.

ముందు ఇరుసును జాకీ మీద లేపి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆట ఉంటే హబ్బు బేరింగులో కింగ్ పిన్నో. వాలు మీద రెండో మూడో గేరులో యాక్సిలరేటరు వదిలేసి దిగండి. గేరు దానంతట అదే తప్పుకుంటే గేరుబాక్సు విప్పే పని ఉంది. వెనక నుంచి వేగంతో పాటు పెరిగే ఊళ లాంటి శబ్దం వస్తే క్రౌను పినియన్, అంటే వెనక ఇరుసును తిప్పే గేర్ల జత, అరిగినట్టు. అది పాత బండిలో అతి ఖరీదైన రోగాల్లో ఒకటి, అలాంటి బండికి బేరం కూడా ఆడకండి.

టైర్ల విషయంలో గుబ్బల ఎత్తు ఒక్కటే చూసి మోసపోతారు. రీబటన్ వేసిన టైరు, అంటే పాత టైరు మీద కొత్త రబ్బరు అతికించినది, గుబ్బలు ఎత్తుగానే ఉంటాయి. పక్క గోడల్లో పగుళ్లు, అతుకు గీత చూస్తే తెలుస్తుంది. 13.6-28 వెనక టైర్ల జత కొత్తది ఎంతో షాపులో ముందే అడిగి తెలుసుకుని, సగం అరిగిన జతకు అందులో సగం ధర బేరంలో తగ్గించమనండి. గంటల మీటరును నమ్మకండి. చెడిపోయినవి, మార్చినవి చాలా ఉన్నాయి. పెడల్ రబ్బర్లు, స్టీరింగ్ చక్రం, లింకు బెజ్జాలు ఎంత అరిగాయో చూసి మీరే అంచనా వేసుకోండి.

## ఏ మోడల్ ఏ నేలకు

| బండి తరగతి | బాగా పనికొచ్చేది | ఇబ్బంది | పాతదానిలో ప్రత్యేకంగా చూడాల్సింది |
|---|---|---|---|
| మాస్సీ 1035 (36 హెచ్‌పీ), మహీంద్రా 275 (39) | డెల్టా దమ్ము, గొర్రు, ట్రక్కు. డీజిలు పొదుపు | ఆరడుగుల రోటావేటరుకు చాలదు | మాస్సీలో లిఫ్టు పంపు హౌసింగ్ లోపల నూనెలో ఉంటుంది, కాబట్టి వేడి మీదే పరీక్షించాలి |
| మహీంద్రా 475 (42), 575 (45), స్వరాజ్ 735 (40) | అన్నిరకాల పని, రెండు జిల్లాల్లోనూ | ఎక్కువ గిరాకీ, ధర దిగదు | ఎన్ని చేతులు మారిందో ఆర్సీలో |
| స్వరాజ్ 744 (48), 855 (52) | నల్లరేగడి లోతు దుక్కి, పెద్ద రోటావేటరు | లోతు బురదలో బరువెక్కువ | క్లచ్, ముందు ఇరుసు |
| జాన్ డీర్ 5042, 5045 | రోటావేటరు, రోడ్డు. నూనె బ్రేకులు | స్పేర్ల ధర ఎక్కువ, తెలిసిన మెకానిక్కే కావాలి | గేరుబాక్సు నూనె, సీళ్లు |
| కుబోటా ఎల్ 4508, నాలుగు చక్రాల లాగుడు | లోతు బురద దమ్ము, తేలిక | పాతది కూడా ఖరీదే | ముందు ఇరుసు గేర్ల సీళ్లు. బురద చేరితే ఖర్చు పెద్దది |
| 15 నుంచి 20 హెచ్‌పీ చిన్నవి | నిమ్మతోట, పొగాకు సాళ్ల మధ్య | దుక్కికి, లోడుకు చాలవు | ఇంజను బోరు, గేర్లు |

ఈ పట్టిక కంటే ఒక చిన్న నియమం ఎక్కువ ఉపయోగపడుతుంది: మీ ఊరి చుట్టూ అయిదు కిలోమీటర్లలో ఏ బండి ఎక్కువగా తిరుగుతోందో అదే కొనండి. దాని సామాను షాపులో ఎప్పుడూ ఉంటుంది, దాని రోగాలు మెకానిక్కుకు కంఠతా వచ్చు, మళ్లీ అమ్మేటప్పుడు కొనేవాళ్లు దొరుకుతారు. తయారీ ఆగిపోయిన బండ్ల విషయంలో మాత్రం జాగ్రత్త. హెచ్‌ఎంటీ ట్రాక్టర్ల తయారీని మూసేయాలని కేంద్రం 2016లో నిర్ణయించింది. ఇనుము గట్టిదని పేరున్నా ఇప్పుడు వాటికి దొరికేవి బయటి కంపెనీల స్పేర్లే.

పాత బండ్లకు ఒక మేలు ఉంది. 50 హెచ్‌పీ దాటిన ట్రాక్టర్లకు 2023 జనవరి నుంచి కొత్త పొగ నిబంధనలు వచ్చాక పెద్ద బండ్లలో కంప్యూటరుతో నడిచే డీజిలు వ్యవస్థ మొదలైంది. అంతకు ముందువి మామూలు పంపు, నాజిళ్ల బండ్లు. పంపు మేస్త్రీ ఉన్న ఏ పట్నంలోనైనా బాగవుతాయి.

## ఎవరి దగ్గర కొనాలి

నేరుగా రైతు దగ్గర కొంటే బండి చరిత్ర దొరుకుతుంది. ఆ ఊరి టీ కొట్టు దగ్గర పది నిమిషాలు కూర్చుంటే అది దమ్ము బండో ఇసుక బండో ఎవరో ఒకరు చెప్తారు. డీలరు దగ్గర మార్పిడికి వచ్చిన బండికి కాగితాలు సరిగ్గా ఉంటాయి, కానీ అమ్మకానికి ముందు రంగు కొట్టి, గ్రీజు పెట్టి, శబ్దం దాచేందుకు చిక్కటి ఆయిలు పోసే అవకాశం ఉంది. ఫైనాన్సు వాళ్లు సీజు చేసిన బండి ధరలో తక్కువ. వాయిదాలే కట్టలేని మనిషి ఆయిలు ఎంత సరిగ్గా మార్చి ఉంటాడో మీరే ఊహించుకోండి. యార్డులో అరగంట తోలి చూడనివ్వరు కూడా. మధ్యవర్తి ద్వారా కొంటే కమిషను ఎంతో, ఎవరు ఇవ్వాలో బండి చూడకముందే తేల్చుకోండి.

సెప్టెంబరు, అక్టోబరులో అందరికీ బండి కావాలి కాబట్టి ధర బిగుస్తుంది. కోతలయ్యాక, ఎండాకాలంలో చూడటం మొదలుపెడితే తీరిగ్గా నాలుగు బండ్లు పోల్చుకోవచ్చు.

## కాగితాలు

ఏపీ 26 నెల్లూరు, ఏపీ 27 ప్రకాశం. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చింది. పాత నంబర్లలో ఒక మెలిక ఉంది. ఏపీ 20 ఖమ్మం, ఏపీ 24 నల్గొండ. నంబరు ఏపీ అని మొదలైనా ఆ బండి ఇప్పుడు తెలంగాణ రిజిస్ట్రేషను కిందికి వస్తుంది. అక్కడి ఆర్టీవో నుంచి ఫారం 28 మీద ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) లేకుండా ఇక్కడ మీ పేరు మీదికి రాదు. అలాంటి బండి చవకగా చెప్పడానికి ఇదే కారణం కావచ్చు.

నంబరును పరివాహన్ వెబ్‌సైటులో గానీ ఎం-పరివాహన్ యాప్‌లో గానీ కొట్టి యజమాని పేరు, ఫైనాన్సు ఉందా లేదా, ఆర్సీ గడువు, ఇన్సూరెన్సు చూడండి. ఫైనాన్సు కనబడితే బాకీ తీర్చిన లెటరుతో పాటు ఫారం 35 చేతికి రావాలి. లెటరు ఒక్కటే ఉంటే ఆర్సీ మీద ఫైనాన్సు పేరు పోదు. బదిలీకి అమ్మేవాడు ఫారం 29, ఇద్దరూ కలిసి ఫారం 30. కొన్నవాళ్లు 30 రోజుల్లోపు దరఖాస్తు పెట్టాలి. ఆర్సీ 15 ఏళ్లకు ముగుస్తుంది, తర్వాత అయిదేళ్లకోసారి ఫారం 25తో రెన్యువల్. గడువు దాటిన బండి అయితే రెన్యువల్ చేయించి ఇచ్చే బాధ్యత అమ్మేవాడిదని ఒప్పందంలో రాయించండి, లేదా ఆ ఖర్చు ధరలో తగ్గించండి. ట్రక్కుకు వేరే రిజిస్ట్రేషను ఉంటుందని మరిచిపోకండి. ట్రాక్టరు ఆర్సీ చూసి మురిసిపోయి ట్రక్కు కాగితం అడగనివాళ్లు చాలామంది.

పేరు తర్వాత మారుద్దాం, ముందు తోలుకోండి అనే మాటకు ఒప్పుకోవద్దు. అమ్మేవాడికీ అది మంచిది కాదు. బండి చేతులు మారినా ఆర్సీలో పేరున్నవాడే ప్రమాదానికి బాధ్యుడని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. ఈ సంగతి చెప్తే చాలామంది తామే ఆర్టీవో ఆఫీసుకు వస్తారు. పదో పాతికో వేలు ఆర్సీ మారేదాకా ఆపుకుని, మిగిలింది బ్యాంకు ద్వారా ఇవ్వండి.

## బేరం, మొదటి వారం

మీ మెకానిక్కును కూడా తీసుకెళ్లి, కనబడిన ప్రతి లోపానికీ సామాను, కూలి వేరుగా రాయించండి. ఆ మొత్తాన్ని చెప్పిన ధరలోంచి తీసేయండి. అలా తీసేసి వచ్చిన ధర, పక్క ఊరిలో లోపం లేని అదే బండి ధర కంటే ఎక్కువైతే పక్క ఊరిదే తెచ్చుకోండి. ఇంజను బోరు, క్లచ్, లిఫ్టు మూడూ ఒకేసారి చేయాల్సిన బండిని ఎంత చవకైనా తీసుకోకండి. మూడూ చేయించేసరికి ఆరేడేళ్ల బండి ధర వస్తుంది, సీజను మాత్రం దాటిపోతుంది.

తెచ్చిన మొదటి వారంలో ఇంజను ఆయిలు, ఆయిలు ఫిల్టరు, డీజిలు ఫిల్టర్లు మార్చండి. ఇక మీదట 250 గంటలకోసారి ఇవి మారాలి. గేరుబాక్సు, హైడ్రాలిక్ నూనె పూర్తిగా దించి చూడండి. 30 లీటర్ల పైనే పడుతుంది కాబట్టి ఇది ఖర్చు పనే, అయినా పాత యజమాని ఏ నూనె పోశాడో తెలియనప్పుడు తప్పదు. దించిన నూనెను సన్నటి గుడ్డలో వడకట్టండి. ఇనుప రజను కొంచెం మామూలే. గేరు పళ్ల ముక్కలు దొరికితే దమ్ముకు దింపకముందే హౌసింగ్ విప్పించండి. ముందు హబ్బుల్లో పాత గ్రీజు తీసి కొత్తది నింపండి, ఎయిర్ ఫిల్టరు శుభ్రం చేయండి, గ్రీజు పెట్టే అన్ని నిపుళ్లలోనూ (చిన్న మూతుల్లోనూ) గ్రీజు ఎక్కుతోందో లేదో చూడండి. మొదటి 20 గంటలు తేలిక గొర్రు మాత్రమే తోలి, రోజూ పొద్దున ఆయిలు, నీటి మట్టం చూసి పుస్తకంలో రాయండి. ఏదైనా లీకు ఉంటే ఈ గంటల్లోనే బయటపడుతుంది, దమ్ము మొదలయ్యేలోపు సీలు మార్చుకోవడానికి రోజులు మిగులుతాయి.